తాబేలు గుడ్డుకు కాపలా కూలి ఎవరిస్తారు?



చందర్లపాడులో ఈ ఏటి ధర్మనిధి ఉపన్యాసం సముద్ర తాబేళ్ళ మీద అని కరపత్రంలో చూసి కొందరు నవ్వుకున్నారని విన్నాను. నవ్వు రావడంలో వింతేమీ లేదు. మిరప కల్లాల్లో ఉంది, సుబాబుల్ టన్ను ధర తేలలేదు, పత్తి కొనేవాడు తేమ శాతం చూపించి ధర కోస్తున్నాడు. మధ్యలో ఈ తాబేలేమిటి? పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాను పంచినప్పుడు సముద్రం కృష్ణా జిల్లా వాటాకు వెళ్ళింది. ఎన్టీఆర్ జిల్లాలో మనకు నది మిగిలింది. అయితే ఈ ధర్మనిధి ఎవరి పేరున నడుస్తోందో ఆ మాస్టారు బడిలో ఏ పాఠం చెప్పినా ఒక మాట అడిగేవారట: దీని ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? సాగర్ కాలువ గురించి చెప్పినా, ఊరి గుడి గురించి చెప్పినా అదే ప్రశ్న. ఆ ప్రశ్ననే ఇవాళ తాబేలు విషయంలో అడగబోతున్నాను. తాబేలును కాపాడాలని అందరూ అంటారు. దాని ఖర్చు మాత్రం ఒడ్డున ఉన్న అతి బీదవాడి నెత్తిన పడుతోంది. నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే. మిగతాది వివరం.

ముందు మన నది సంగతి చూద్దాం. మన పొలాల పక్కనుంచి, అవతల అమరావతిని ఒరుసుకుంటూ పోయే కృష్ణ నీళ్ళొక్కటే మోసుకుపోదు. ఇసుకనూ ఒండ్రునూ కూడా మోసుకుపోతుంది. దివిసీమను కట్టింది అదే. హంసలదీవి దగ్గర, నాగాయలంక దిగువ దిబ్బల దగ్గర తాబేలు గుడ్లు పెట్టే ఇసుక అలా నది తెచ్చి పోసినదే. 1850లలో బెజవాడ ఆనకట్ట కట్టారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1957లో ప్రకాశం బ్యారేజీ, ఆ తరవాత శ్రీశైలం, ఆలమట్టి, 2013లో మన ఎగువనే పులిచింతల వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూస్వరూపాలను అధ్యయనం చేసిన కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, కృష్ణ నీళ్ళలో తేలుతూ దిగువకు పోయే మట్టి 1960ల చివర్లో ఏడాదికి సుమారు 90 లక్షల టన్నులు. 2000 తరవాత అది 4 లక్షల టన్నుల దాకా పడిపోయింది. మట్టి రాకపోతే డెల్టా అంచును అల కోస్తూ పోతుంది. కోత పడిన ఒడ్డు నిటారుగా గట్టులా నిలబడుతుంది. తాబేలు గట్టు ఎక్కలేదు.

ఆనకట్టలు కట్టకూడదని నేను అనడం లేదు. సాగర్ కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఎంత తిరిగారో ఈ ప్రాంతంలో పెద్దలు ఇంకా చెప్పుకుంటారు. ఎడమ కాలువ నీళ్ళతో పండిన అన్నం తిన్నవాణ్ణే నేనూ. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజున ఈ మండలంలో ఎవరికీ నిద్రలేదని తెలుసు. అలాంటి వరద వచ్చినప్పుడు తప్ప నది సముద్రానికి పంపేది ఇప్పుడు చాలా తక్కువ. మన పైరుకు అందిన నీటికి దిగువ తీరం ఒక మూల్యం చెల్లించింది, ఇంకా చెల్లిస్తోంది. కాబట్టి తాబేలు గురించి మాట్లాడటానికి చందర్లపాడుకు హక్కుందా అని అడిగితే, బాకీ ఉంది అంటాను.

ఇక తాబేలు. మన చెరువు తాబేలును మనసులో పెట్టుకుంటే ఇది అర్థం కాదు. చెరువు తాబేలును ముట్టుకుంటే తలా కాళ్ళూ డిప్పలోకి లాక్కుంటుంది. సముద్ర తాబేలుకు ఆ వెసులుబాటు లేదు. తల ఎప్పుడూ బయటే. కాళ్ళ స్థానంలో తెడ్లుంటాయి. మన తీరానికి ఎక్కువగా వచ్చేది ఆలివ్ రిడ్లే అనే రకం. డిప్ప రెండడుగుల పొడవు, బరువు 35 నుంచి 45 కిలోలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. జనవరి నుంచి మార్చి దాకా, కొన్నయితే ఏప్రిల్ దాకా, రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. మగవి ఒడ్డెక్కవు. ఆడది పోటు గీత దాటి పైకి పాకి, వెనక తెడ్లతో ఒకటిన్నర అడుగుల లోతు గుంట తీసి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, డిప్పతో దాన్ని అదిమి వెళ్ళిపోతుంది. గంటలోపే పని ముగుస్తుంది. పిల్లల మొహం చూడటానికి తిరిగి రాదు.

తెల్లారేసరికి ఒడ్డున ట్రాక్టరు టైరు పోయినట్టు జాడ మిగులుతుంది. గస్తీ మనిషికి ఆ జాడే కావాలి. చీకటితోనే బయల్దేరి, నీళ్ళ అంచు వెంట నడుస్తూ, లోపలికొచ్చిన జాడ ఏది, తిరిగి వెళ్ళిన జాడ ఏది అని చూస్తాడు. రెండూ కలిసేచోట ఇసుక కాస్త వదులుగా ఉంటుంది. అక్కడ కర్రతో మెత్తగా గుచ్చి చూస్తాడు. గట్టిగా గుచ్చితే గుడ్డు పగులుతుంది. కర్ర దిగిన తీరు చెయ్యి గుర్తుపడుతుంది. తరవాత అరచేత్తో తవ్వి, గుండ్రటి తెల్లటి గుడ్లను ఒక్కొక్కటే తీస్తాడు. తీసేటప్పుడు గుడ్డును దొర్లించకూడదు. పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పెంకుకు అంటుకోవడం మొదలవుతుంది, ఆ తరవాత తలకిందులైతే చచ్చిపోతుంది. అందుకే ఎండ ఎక్కేలోపు పని ముగించాలి. తెచ్చిన గుడ్లను కంచె వేసిన పొదుగు కేంద్రంలో అంతే లోతున, అదే ఆకారం గుంట తీసి పాతిపెడతాడు. పక్కన పుల్ల పాతి, దానికి తేదీ, గుడ్ల లెక్క రాసిన చీటీ కడతాడు. అక్కడినుంచి 45 నుంచి 55 రోజులు కాపలా.

కాపలా ఎవరి నుంచి? నక్క, ఊరకుక్క, అడవిపంది, పీత, కాకి. మనిషి కూడా. తీరం వెంట చాలా చోట్ల తాబేలు గుడ్లు తినేవాళ్ళు, సంతలో అమ్మేవాళ్ళు. అదే తీరంలో తాబేలును కూర్మావతారంగా చూసి, వలలో పడితే దండం పెట్టి వదిలేసేవాళ్ళూ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడి ఉంది కదా, ఆ ఊరి తీరానికీ తాబేళ్ళు వస్తాయి. గుడ్డు తిన్నవాడికీ దండం పెట్టినవాడికీ ఇంట్లో పొయ్యి ఒకలాగే వెలగాలి. ఈ విషయం పర్యావరణం మాట్లాడే పట్నం పెద్దలకు ఆలస్యంగా తెలిసింది.

ఇసుక వేడి గురించి ఒక్క మాట, పిల్లలకు ఇది నచ్చుతుంది. గుడ్డులో ఉన్నది మగో ఆడో గుడ్డు పెట్టేనాటికే నిర్ణయం కాదు. ఇసుక చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ, వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ. ఎండలు ముదిరేకొద్దీ ఈ లెక్క ఎటు తిరుగుతుందో మీరే ఊహించండి. కొన్ని పొదుగు కేంద్రాల్లో పైన నీడ కడుతున్నారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తరవాత గాలికి అడ్డంగా తీరమంతా సరుగుడు వేశారు. వేలమందిని పోగొట్టుకున్న ఊళ్ళకు అది అవసరమే. అయితే పోటు గీతకు మరీ దగ్గరగా వేసినచోట తాబేలుకు తవ్వుకునే జాగా పోయింది, వేళ్ళు అడ్డం పడుతున్నాయి. మంచి పనిలో కూడా ఇలాంటి చిక్కులు వస్తాయి, నలభై గజాలు వెనక్కి జరిపి నాటితే పోయేదానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. కర్రతో గుచ్చి చూసే ఆ మనిషి ఎవరు?

మన కృష్ణా అభయారణ్యం వైపు, ఎలచెట్లదిబ్బ, జింకపాలెం లాంటి చోట్ల, అటవీశాఖ ఈ పనికి స్థానిక మత్స్యకారులనూ యానాదులనూ పెట్టుకుంది. యానాదులంటే మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. దివిసీమ యానాదికి చాలాచోట్ల పడవ ఉండదు. మడ అడవి పాయల్లో మొలలోతు బురదలో దిగి మండపీతలు పట్టి అమ్ముతాడు. ఏ పాయకు ఎప్పుడు పోటొస్తుందో, నక్క ఏ దారిన దిబ్బెక్కుతుందో అతనికి తెలిసినట్టు పరిశోధకుడికి తెలియదు. చెన్నైలో సుప్రజా ధారిణి 2002లో మొదలుపెట్టిన ట్రీ ఫౌండేషన్ మన రాష్ట్రంలోనూ మత్స్యకార యువకులను తాబేళ్ళ రక్షకులుగా తీర్చిదిద్దింది. విశాఖలో విఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ అదే దారిలో జాలరి కుటుంబాలకు కాపలా పని ఇచ్చింది. పాత రోజుల్లో గుడ్లు ఏరుకున్న చెయ్యే కాపలాకు అన్నిటికంటే పనికొస్తుందని ఈ సంస్థలన్నీ తెలుసుకున్నాయి.

బ్రెజిల్‌లో 1980లో మొదలైన తమార్ ప్రాజెక్టు కూడా ఇదే చేసింది. గుడ్లు ఏరే జాలర్లనే జీతానికి పెట్టుకుంది, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకు కుట్టుపని, బొమ్మల తయారీ చూపించింది. మహారాష్ట్ర కొంకణంలో వేళాస్ అనే చిన్న ఊరుంది. సహ్యాద్రి నిసర్గ మిత్ర అనే సంస్థ 2002లో అక్కడ గూళ్ళు కాపాడటం మొదలుపెట్టాక, పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజుల్లో వచ్చే జనాన్ని ఊళ్ళోవాళ్ళు తమ ఇళ్ళలోనే దింపుకుని అన్నం పెట్టి డబ్బు తీసుకుంటున్నారు. కోస్టారికాలోని ఒస్తియొనాల్‌లో 1987 నుంచి ఊరి సంఘానికి చట్టబద్ధంగా గుడ్లు తీసి అమ్ముకునే హక్కే ఉంది. వేల తాబేళ్ళు ఒకేసారి వచ్చినప్పుడు మొదటి ఒకటిన్నర రోజుల్లో పెట్టిన గుడ్లను తరవాతి తాబేళ్ళు ఎలాగూ తవ్వి పాడుచేస్తాయని వాళ్ళ లెక్క. మన తీరానికి ఆ పద్ధతి నప్పదని నా అభిప్రాయం. ఇక్కడ గూళ్ళు విడివిడిగా ఉంటాయి, ఒక్కొక్క గూడూ లెక్కే. వేళాస్ పద్ధతి కూడా అన్నిచోట్లా నడవదు. ఎలచెట్లదిబ్బకు పడవెక్కి వెళ్ళాలి, అక్కడ రాత్రి ఉండటానికి వందమంది వస్తారా? వస్తే వాళ్ళు తెచ్చే ప్లాస్టిక్కూ లైట్లూ తాబేలు పిల్లలకు మంచివా? పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చాక వెలుతురు ఎటుంటే అటు పోతాయి. సముద్రం మీది వెలుగు కోసం ఏర్పడిన ఆ తెలివి రిసార్టు దీపాన్ని చూసి మోసపోతుంది. కాకినాడ పక్కన కోరంగిలో మడ అడవిలో చెక్క దారి వేసి, ఆ పర్యాటకాన్ని స్థానికుల సమితి చేతిలో పెట్టిన నమూనా నాకు నచ్చుతుంది. 2011లో యూఎన్‌డీపీ సాయంతో గోదావరి ముఖద్వారంలో మొదలైన ప్రాజెక్టు కూడా బతుకుతెరువునూ రక్షణనూ కలిపి చూసింది. అయితే కోరంగి రోడ్డు పక్కన ఉంది. రోడ్డు లేని దిబ్బకు వేరే జవాబు కావాలి.

తాబేలు పిల్లల్ని వదిలే ఫొటోలు ఏటా పత్రికల్లో చూస్తుంటాం. అధికారులు వరసగా కూర్చుని చేతుల్లోంచి జారవిడుస్తుంటారు. నాలుగు నెలలు రాత్రిళ్ళు నడిచిన మనిషి ఎక్కడో అంచున, బుట్ట పట్టుకుని ఉంటాడు. ఆయన పని జనవరి నుంచి మే దాకా. మిగతా ఏడు నెలలు ఆయన ఏం తింటాడని ఆ ఫొటో అడగదు.

ఆ ప్రశ్న వదిలేస్తే ఏమవుతుందో మన తెలుగువాళ్ళే బతుకుతున్న ఒక చోట చూడొచ్చు. ఒడిశా గంజాం జిల్లాలో ఋషికుల్య నది ముఖద్వారం. అక్కడి మత్స్యకారులు నోలియాలు, వాళ్ళ ఇంటి భాష తెలుగు. తరాల కిందట మన తీరం నుంచి పైకి వెళ్ళినవాళ్ళు. 1994లో బివాష్ పాండవ్ అనే శాస్త్రవేత్త ఆ ఒడ్డున తాబేళ్ళు సామూహికంగా గుడ్లు పెడుతున్నాయని లోకానికి చెప్పాడు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం అది ముందే తెలుసు. పురుణబంధ, గోఖర్‌కుడ, పొదంపేట ఊళ్ళ కుర్రాళ్ళు కమిటీ వేసుకుని కాపలా కాశారు. 2025 ఫిబ్రవరిలో అక్కడ దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. ప్రపంచమంతా చెప్పుకున్న విజయం అది. అదే చోట నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఏడు నెలలపాటు, ముఖద్వారానికి ఎదురుగా 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం. ఒడిశా ప్రభుత్వం కుటుంబానికి ఇచ్చిన సాయం ఒక దశలో 7,500 రూపాయలు. ఏడు నెలలకు భాగించండి, నెలకు వెయ్యి పైన చిల్లర. తరవాత పెంచారు, పెంచినా అది నెలల లెక్కలో ఇమడదు. పొదంపేటనైతే సముద్రమే మింగేసింది, ఊరు లేచి వెనక్కి జరిగింది. వల ఎండిన ఇళ్ళలోంచి మగవాళ్ళు కేరళకో గోవాకో పనికి పోయారు. తాబేలు నిలబడింది, దాన్ని కాపాడిన ఊరు చెదిరిపోతోంది. దీన్ని నేను పూర్తి విజయంగా లెక్కపెట్టలేను.

మన సిక్కోలు (శ్రీకాకుళం) తీరానిదీ ఆ కథే, ఏడు నెలల నిషేధం లేకుండానే. అక్కడ సరైన రేవులు లేక కుర్రాళ్ళు గుజరాత్ వెరావల్ వెళ్ళి సేట్ల బోట్ల మీద కళాసీలుగా నెలల తరబడి సముద్రంలో ఉంటారు. 2018 నవంబరులో వాళ్ళలో కొందరు పాకిస్థాన్ జలాల్లోకి వెళ్ళి పట్టుబడితే, 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఆ కథను మీరంతా సినిమాగా కూడా చూసే ఉంటారు. సినిమాలో లేని సంగతొకటి చెబుతాను. జనవరి నుంచి మార్చి దాకా, తాబేలు ఒడ్డెక్కే రోజుల్లో, ఆ ఊళ్ళలో కాళ్ళూ కళ్ళూ బాగున్న మగవాళ్ళలో చాలామంది ఊళ్ళో ఉండరు. చీకట్లో పది కిలోమీటర్లు ఇసుకలో నడిచి గూడు వెతకాల్సింది ఎవరు? బతుకుతెరువు పోయిన తీరానికి కాపలా మనుషులూ ఉండరు. తాబేలు రక్షణకు నిధులిచ్చేవాళ్ళు జాలరి వలసను వేరే శాఖ వ్యవహారమనుకోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

గూళ్ళన్నీ కాపాడినా, సముద్రంలో పెద్ద తాబేళ్ళు చస్తే లాభం లేదు. ఈ జీవి పెద్దదై గుడ్లు పెట్టడానికి పదేళ్ళకు పైగా పడుతుంది. వెయ్యి పిల్లల్లో ఒకటి ఆ వయసుకొస్తుందని అంటారు. అంత కష్టపడి పెరిగిన ఆడ తాబేలు తీరానికి దగ్గరగా వచ్చే వేళలోనే రొయ్యల బోట్లూ అక్కడే ఉంటాయి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి, ఎంతసేపైనా నీళ్ళకింద ఉండలేదు. ట్రాల్ వలను రెండు మూడు గంటలు అడుగున లాక్కుపోతే లోపల ఇరుక్కున్నది ఊపిరాడక చచ్చిపోతుంది. జనవరి, ఫిబ్రవరిలో ఒడ్డుకు కొట్టుకొచ్చే శవాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. 2025 జనవరిలో చెన్నై తీరానికి వెయ్యికి పైగా కొట్టుకొచ్చాయి. అదే కాలంలో కాకినాడ తీరంలో చనిపోయిన తాబేళ్ళ మీద మన ప్రభుత్వమూ విచారణకు ఆదేశించింది.

దీనికి పరికరం ఉంది. టెడ్ అంటారు. వల సంచికి ముందు వాలుగా బిగించే ఇనుప చువ్వల చట్రం. రొయ్య చువ్వల సందుల్లోంచి సంచిలోకి పోతుంది. తాబేలు చువ్వలకు తగిలి, పైన ఉంచిన కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు సరిపోయేలా ఒక నమూనా కూడా చేసింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా దాన్ని ఉచితంగా పంచింది. బోటువాళ్ళు తీసుకున్నారు, చాలామంది కట్టలేదు. ఎందుకంటే ఆ కంతలోంచి పెద్ద చేపా బయటికి పోతుందని వాళ్ళ భయం. శాస్త్రవేత్తలు నష్టం స్వల్పమంటారు. మన తీరంలో కళాసీకి చాలాచోట్ల జీతం ఉండదు. డీజిలు, ఐసు, తిండి ఖర్చులు పోను మిగిలినదాంట్లో వాటా. ఆ స్వల్పం ఎవరి వాటాలోంచి పోతుందో అతనికి తెలుసు.

అమెరికా 1989లో చట్టం చేసింది: టెడ్ లేకుండా పట్టిన రొయ్యను కొనం. ఇండియా, మలేసియా, పాకిస్థాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. తాబేలును కాపాడే ఉద్దేశం సరైనదే, కానీ కరీబియన్ దేశాలకు గడువూ సాయమూ ఇచ్చి మనలాంటి వాళ్ళకు ఇవ్వకపోవడం వివక్ష అన్నారు. ఆ తీర్పులో మనకు పనికొచ్చే ముక్క అదే: గడువు, సాయం. 2019లో మన దేశపు సముద్రపు రొయ్యకు అమెరికా తలుపులు మూసుకున్నాయి. చెరువు రొయ్యకు ఆ షరతు లేదు, కాబట్టి మన కృష్ణా, గోదావరి జిల్లాల వనామీ ఏళ్ళ తరబడి హాయిగా పోయింది. చెరువులవాడికి డాలర్లు వచ్చాయి. షరతు బరువు మాత్రం సముద్రంలో రొయ్య పట్టేవాడి మీద పడింది. అతని రొయ్య తక్కువ ధరకు వేరే దేశాలకు పోతుంది, ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి ఇంకో గంట వల లాగుతాడు. ఆ గంటలో తాబేలు చస్తుంది. శిక్ష వేస్తే మారతాడనుకున్నారు, లెక్క ఇలా తిరిగింది.

ఇక్కడ క్యాలెండరు చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం అది. ఆ రోజులకు మన రాష్ట్రంలో భృతి ఇస్తారు. 2019కి ముందు 4,000 రూపాయలు, తరవాత 10,000, 2025 ఏప్రిల్‌లో 20,000కు పెంచారు, సుమారు 1.29 లక్షల కుటుంబాలకు. మంచి పని. అయితే తాబేలు వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. నిషేధం మొదలయ్యేనాటికి చాలా తాబేళ్ళు గుడ్లు పెట్టి వెళ్ళిపోయి ఉంటాయి, కొన్ని చచ్చిపోయి ఉంటాయి. తాబేలు నెలలకు ప్రత్యేకమైన డబ్బు లేదు. ఇంకో సంగతి: బోటు లెక్కన జాబితా రాస్తే బోటే లేని యానాది అందులో ఎక్కడ కనిపించాలి?

ఒడిశాలా ఏడు నెలల నిషేధం పెట్టమని నేను అడగను. మొదటిది, మన దగ్గర ఉన్న నియమాన్నే ఆ మూడు నెలలు అమలు చేస్తే చాలావరకు సరిపోతుంది. ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల లోపు సముద్రం సంప్రదాయ మత్స్యకారుడిది, మరబోట్లు అటు రాకూడదు. రాత్రిపూట వస్తాయి, అందరికీ తెలుసు. కృష్ణ, గోదావరి, వంశధార, నాగావళి మొగల దగ్గర జనవరి నుంచి మార్చి దాకా ఈ గీతను కాపాడితే తాబేలుకు మేలు, తెప్పమీద పోయే చిన్న జాలరికి అంతకంటే మేలు. ట్రాల్ బోటు తన వలను ఈడ్చుకుపోతే తెగేది చిన్నవాడి వలే కదా. గస్తీకి ఆ చిన్న జాలర్లనే, వాళ్ళ ఫైబరు బోట్లతోసహా, అద్దెకు తీసుకోవచ్చు.

రెండోది, వలకు ఖరీదు కట్టడం. చిన్న జాలరి వలలోనూ తాబేలు పడుతుంది. అది పెనుగులాడి వలను చుట్టేసుకుంటుంది. దాన్ని బతికించాలంటే వలను కొయ్యాలి. కోసిన వల బాగుచేయించాలంటే నూలు, మనిషి కూలి, వేటకు పోలేని రోజులు. ఏం చేయాలో అతనికి చట్టం చెబుతుంది, ఆ ఖర్చు గురించి మాట్లాడదు. మహారాష్ట్ర 2018 డిసెంబరులో ఈ చిక్కు విప్పింది. రక్షిత జీవి వలలో పడితే, వల కోసి వదిలిన జాలరికి 25,000 రూపాయల దాకా పరిహారం. జీవిని వదులుతున్నట్టు ఫొటోనో వీడియోనో తీయాలి, తెగిన వల చూపించాలి. అలా విడుదలైనవాటిలో ఎక్కువ భాగం ఆలివ్ రిడ్లేలే. అంతకుముందే, 2004 నుంచి, గుజరాత్‌లో తిమింగలం సొరచేపల కోసం ఇలాంటి పద్ధతి నడుస్తోంది, వందల కొద్దీ సొరలు బతికి బయటపడ్డాయి. వెరావల్ రేవులో పనిచేసే మన సిక్కోలు కుర్రాళ్ళకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. పరాయి రేవులో కోసిన వలకు డబ్బొస్తుంది, సొంత ఊళ్ళో రాదు.

మన రాష్ట్రంలో ఇది పెట్టాలంటే ఏమేం కావాలో కూడా చెప్పి ముగిస్తాను. జాలరి చేతిలో ఫోను ఉంది, గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుడు ఉన్నాడు. ఫొటో సముద్రంలోనే తీయాలి, తాబేలును ఒడ్డుకు తెచ్చి చూపించమంటే అది దారిలోనే చస్తుంది. అటవీశాఖ సంతకం, మత్స్యశాఖ సంతకం రెండూ అడిగితే జాలరి రెండు ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ తిరుగుడులో వల ఖర్చు కంటే ఎక్కువ పోగొట్టుకుంటాడు, ఒకటి చాలు. పాయల్లో పీతల బుట్టలు పెట్టే యానాదికీ, అలివి వల లాగే కూలికీ ఇది వర్తించాలి, బోటు నంబరు అడగకూడదు. పొదుగు కేంద్రం కాపలాదారుకు మిగతా ఏడు నెలలు మడ మొక్కల పెంపకంలోనో, మండపీతల చెరువుల్లోనో పని చూపించి, ఏడాది జీతం కింద కట్టాలి. ఇక వల పరిహారం నెలలోపు బ్యాంకులో పడాలి. ఆర్నెల్లు ఆగితే రెండో తాబేలు పడ్డప్పుడు ఎవరూ ఫోను బయటికి తియ్యరు.